కరెంటు పోయాక లేచిన కాలు

కట్టు విప్పిన రోజు నా కుడి తొడను చూసుకుంటే నాకే అసహ్యమేసింది. సైకిలు మీద నుంచి పడి మోకాలిచిప్ప పగిలితే నెలల తరబడి కట్టులో ఉంచారు. ఎముక అతుక్కుంది గానీ, చిక్కిపోయిన తొడ నా మాట వినడం మానేసింది. బిగించబోతే బిగుసుకోదు, లేపబోతే లేవదు. నాటువైద్యుల పుత్తూరు కట్టు కట్టించుకోనందుకే ఇట్లయిందని మా అవ్వ ఒకటే సాధింపు. అప్పట్లో నేను చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టర్ని. కాలు నిలవకపోతే ఆ ఉద్యోగం పోయినట్టే.

తిరుపతిలో ఒక ఆసుపత్రి వెనక గదిలో కరెంటు పెట్టేవారు. ఉప్పునీళ్లలో తడిపిన మెత్తలు తొడ మీద పరిచి, వాటిపై రేకులు పెట్టి, పట్టీ బిగించి, అక్కడి మేడమ్ మీట తిప్పేది. ముందు చీమలు పాకినట్టుండేది. అంతలోనే తొడ గట్టిపడి, మోకాలు చాచుకుని, మడమ మంచం మీద నుంచి లేచేది. కాసేపటికి వాలేది. మళ్లీ లేచేది. కాలు నాదే, లేపుతున్నది నేను కాదు. చూస్తుంటే ఒళ్లు జలదరించేది.

"మెదడు పంపే కబురు తొడకు అందడం ల్యాదప్పా. ఆ కబురు ఇప్పుడు కరెంటు పంపిస్తా ఉండాది. అది బిగించినప్పుడల్లా నువ్వూ బిగించల్ల. ఊరికే సూస్తా పండుకుంటే ఆ కాలు నీది కాదు" అని మేడమ్ కసిరేది.

ఆ చివరి మాట ఇంటికొచ్చినా వదిలేది కాదు. దుప్పటి కింద కాలు తడుముకోవాలన్నా భయమేసేది.

తోడొచ్చే అవ్వకు మేడమ్ చెప్పిందేదీ ఎక్కలేదు. మా వైపు ఒంట్లో గాలి, అంటే దయ్యం, చేరిందనుకుంటే వేపమండ పట్టుకుని దాని పేరు అడుగుతారు. పేరు చెప్పిందంటే ఇక వదిలిపోతుందని నమ్మకం. ఒక ముసురు మధ్యాహ్నం అవ్వ కొంగుచాటు నుంచి వేపమండ తీసి, లేస్తూ వాలుతున్న నా కాలి మీద ఆడించింది.

"ఎవురు నువ్వు? యాడనుంచి వచ్చినావు? మా అబ్బోడి కాల్లో నీకేం పని? పేరు చెప్పు!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరుకోమని అరవబోతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. యంత్రం మూలుగు ఆగింది.

కాలు లేచింది.

మేడమ్ మీట మీద నుంచి చెయ్యి తీసేసి చూస్తూ ఉండిపోయింది. అవ్వ చేతిలోంచి మండ జారింది.

"కరెంటు ల్యాకపోయినా లేస్తా ఉండాదే! ఎవురు నువ్వు?" ఈసారి అవ్వ ఒకడుగు వెనక్కేసి అడిగింది.

తొడలో బిగువు తెలుస్తోంది. దాన్ని పట్టుకుని ఉన్నది నేను. ఏడుపొచ్చింది.

"నేనే అవ్వా."

అవ్వ నా ముఖం వైపు చూడలేదు. కాలి వైపే చూస్తూ, "పేరు చెప్పు" అంది.

నా పేరు చెప్పాను. చెప్పాక, నేనూ ఆ కాలిని వదిలిపోతానేమోనని భయపడి, కాలు దించకుండా అట్లాగే పట్టుకున్నాను.