కిరాయికిచ్చిన నవ్వు

ప్రవీణ్ తాత వలస వచ్చి ఈ కామాటిపురలో సున్నం తట్టలు మోశాడు. తండ్రి పెళ్ళిబ్యాండులో బాకా ఊదాడు. ప్రవీణ్ మాత్రం కెమెరా పట్టాడు. అప్పగింతల్లో ఏడ్చే పిల్లను కూడా నవ్వించి ఫోటో తీసే చెయ్యి వాడిది. ఆ చెయ్యే విరగ్గొట్టారు వెధవలు.

నిరుడు గ్రాంట్ రోడ్‌లోని ఒక బిల్డర్ ఆఫీసు నుంచి మంగేష్ వచ్చాడు. పక్క గల్లీలో పుట్టిన మన తెలుగువాడే. మేముండే చాల్, ఈ వరుసగదుల పాత మేడ, కూలగొట్టి టవర్ కట్టాలని వాళ్ళ ఆశ, మేమేమో సంతకాలు పెట్టం. వెబ్‌సైట్లో కామాటిపుర పాత చరిత్ర చెప్పే పేజీకి మాత్రమే ఫోటోలు కావాలన్నాడు. ఎప్పటికీ వాడుకుంటే ఒక ధర, ఏడాదికైతే అందులో నాలుగో వంతు, రోడ్డు మీది బోర్డులకు వేరే అని ప్రవీణ్ విడమరిచి చెప్పాడు. మంగేష్ ఏడాది చాలన్నాడు.

లైసెన్స్ అనే మాట ప్రవీణ్ నోటికి రాదు. ఫోటో నాదే, మీకు కిరాయికిస్తున్నా అన్నాడు. బిల్లులోనూ కిరాయి అనే రాశాడు, గడువు రాయలేదు. మా చాల్‌లో కిరాయి రసీదు మీద గడువు ఎవడు రాస్తాడు? తాతల కాలంలో పగిడీ అని ఒకేసారి పెద్ద మొత్తం కట్టి దిగిన ఖోళీలు, ఈ ఒంటిగదులు. నెలనెలా కిరాయి కడుతుంటే కదిలించేవాడు లేడు.

ఆ ఫోటోల్లో ఒకటి పెంటమ్మది. గడప మీద కూర్చుని బోసినోటితో పగలబడి నవ్వుతున్న ముసలామె. ఏడాది దాటినా ఫోటో తియ్యలేదు సరికదా, దాని కింద కొత్త మాట పెట్టారు: ‘మేం ఒప్పుకున్నాం.’

అది ఆమె మరిది లచ్చయ్య కంటపడింది. చాటుగా సంతకం పెట్టావంటూ తలుపు తన్నాడు. పెట్టలేదని ఆమె మొత్తుకున్నా వినకుండా జుట్టు పట్టి ఈడ్చి తోశాడు. మెట్టు అంచుకు తల పగిలింది. మేం వాణ్ణి లాగి గోడకేసి గుద్దేసరికే ఆమె నెత్తుటితో మెట్లు తడిశాయి.

ఆమెను ఆసుపత్రిలో వదిలి ప్రవీణ్ నెత్తుటి చొక్కాతోనే బిల్డర్ ఆఫీసుకు ఉరికాడు. నేనూ వెంట వెళ్ళాను. గడువు అయిపోయింది, ఫోటో ఇప్పుడే తియ్యమన్నాడు. మంగేష్ తాపీగా బిల్లు ముందు పెట్టాడు.

“ఇందుల ఏడాది అని ఏడుందన్నా? కిరాయి అని నువ్వే రాసినవ్. మీ తాత కిరాయికి దిగిన ఖోళీ మీరు ఇయ్యాల్టిదాంక ఖాళీ జేసిన్రా? మేమెందుకు జేస్తం?”

ప్రవీణ్ కుర్చీ ఎత్తి వాడి దవడ మీద కొట్టాడు. రెండు పళ్ళు టేబుల్ మీద రాలాయి. చూసి సంతోషించాను, అబద్ధమెందుకు. అంతలో వాచ్‌మన్లు మా మీద పడ్డారు. నా వీపు రాడ్డుతో వాయగొట్టారు. ప్రవీణ్ కుడిచేతిని తలుపు సందులో పెట్టి తలుపు మూశారు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది.

నాగ్‌పాడా ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చేసరికి పెంటమ్మ కుట్లు వేయించుకుని వచ్చి అదే గడప మీద కూర్చుని ఉంది. తలనిండా కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ప్రవీణ్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె తల మీది కట్టు తనే విప్పేసి, కుట్లు కనబడేలా ఫోటో తియ్యమంది. నేను కెమెరా పట్టుకుంటే వాడు ఎడమచేత్తో నొక్కాడు. దీన్ని ఎవరికీ కిరాయికివ్వనని ఒట్టేశాడు.

“కిరాయికి వద్దు బిడ్డా,” అంది పెంటమ్మ. “వాళ్ళకు ఊకెనే ఇయ్యి. ‘ఒప్పుకున్నాం’ అన్న గా మాట మీదనే ఎప్పటికీ పెట్టుకోమను.”