నీళ్లు ఆరేదాకా

కరోనా సద్దుమణిగాక వచ్చిన తొలి చలికాలం. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో, ఖర్జూర తోటల పక్కన, పాత కాలువ ఒడ్డున జరుగుతున్న తవ్వకాల గురించి పత్రికకు రాయడానికి వెళ్లాను. తవ్వకాలకు పెద్ద, అక్కడి మాటలో ముదీర్, ఇంగ్లండ్‌లో నదుల ఒడ్డున పాత ఊళ్లెన్నో తవ్వి వచ్చిన మనిషి. చివరి గుంత అడుగున ఏమీ లేదని, మధ్యాహ్నానికల్లా పూడ్చెయ్యాలని ఆయన తేల్చేశారు.

అందులో ఉన్న జగిత్యాల కూలీ పైకి రాలేదు. ఊళ్లో బావులు తవ్విన మనిషతను. తాగే నీళ్ల సీసా మూత తీసి, వాకిట్లో సానుపు చల్లినట్టు అడుగంతా చల్లి కూర్చున్నాడు.

“ఖలాస్! పైకి రా!” అని ముదీర్ కేకేశారు.

“లేవే అన్నా, నౌకరి పోతది” అన్నాడు గట్టుమీది తోటి కూలీ.

“పోతే పోనియ్‌రా. ఒకసారి తవ్వి పూడ్చిన మన్ను జల్ది ఆరది. నీళ్లు ఆరేదాంక నేను లేవ.”

ఎండకు నేల తెల్లబడసాగింది. అరగంటకు అంతా ఆరిపోయింది, నడుమ బండి చక్రమంత గుండ్రటి మచ్చ తప్ప. అది నల్లగా, తడిగా అలాగే ఉంది.

ముదీర్ గుంతలోకి దిగి, మచ్చను వేళ్లతో తడిమి చూశారు. “పాత బావి! తవ్వు” అన్నారు.

అతను కదల్లేదు. “ముందు ఆ ఖలాస్‌ను వాపస్ తీసుకోండి, సాబ్” అన్నాడు హిందీలో.

గట్టుమీద ఎవరూ నవ్వలేదు.

“తీసుకున్నాను. యల్లా, ఇక కానియ్” అని, ముదీర్ తన చేతిలోని తాపీని అతనికిచ్చారు.