కొండ కనిపించే మంచం

మా అత్తకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొస్తున్నామనగానే ఏర్పాట్లన్నీ నేనే చూస్తానని ప్రకటించాను. నేనొక పని పట్టుకున్నానంటే ఇంట్లో అందరూ పక్కకు తప్పుకుంటారు. అది గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

ఆస్పత్రి మంచం అద్దెకు తెప్పించాను. దాన్ని ఎక్కడ వేయాలన్నదాని మీద పెద్ద చర్చ జరిగింది. చర్చంటే నేను మాట్లాడడం, మా ఆయన మంచం జరపడం. మాది తిరుపతిలో మూడో అంతస్తు. హాల్లో ఉత్తరపు కిటికీ తెరిస్తే కొండ నిండుగా కనిపిస్తుంది. అత్త లేస్తూనే కొండకు దణ్ణం పెట్టుకునే మనిషి. అందుకని మంచాన్ని కిటికీకి ఎదురుగా వేయించాను. ఉత్తరానికి తల పెట్టకూడదు కాబట్టి తల దక్షిణానికి, కాళ్ళు ఉత్తరానికి. శాస్త్రమూ తప్పలేదు. మంచం తలవైపు కాస్త ఎత్తితే చాలు, కొండ దర్శనం. టికెట్టు లేదు, క్యూ లేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆమె మోకాలి కంటే ముందు నా కిటికీ చూపించాను.

అత్త మాత్రం కాలు చాపడం లేదు.

ఆపరేషన్ చేసిన కాలు తిన్నగా చాపి, మోకాలు పరుపుకు ఆనేలా నొక్కాలి. ఆమె సగం చాపి ఆపేసేది. రెండో వారంలో, ఇంటికొచ్చి చూసే ఫిజియోథెరపిస్టు నన్ను బయటికి పిలిచాడు.

"ఇట్లే వంగిపోయి ఉంటే కాలు ఇంక తిన్నగా రాదు మేడమ్. మళ్ళా ఆస్పత్రికి పోయి మత్తిచ్చి సరిచేయాల. అప్పుడైనా కుంటు మిగలొచ్చు."

నాకు భయం వేస్తే కోపం వస్తుంది.

"నొప్పి అందరికీ ఉంటాదత్తా! ఇంత మొండితనమా? బతికినన్నాళ్ళూ కుంటుకుంటా తిరగతారా?"

"రేపు చాపతాలేమ్మా" అంది కిటికీ వైపు చూస్తూ.

రేపటిదాకా ఆగే ఓపిక నాకెక్కడిది! ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నేనే మంచమెక్కి పడుకున్నాను. "ఇదో, ఇట్లా చాపాల" అని రెండు కాళ్ళూ బారజాపాను.

నా పాదాలకు ఎదురుగా కొండ.

చటుక్కున కాళ్ళు ముడిచేశాను. ఎవరూ ముడవమనలేదు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళం కొండ వైపు కాళ్ళు చాపం, అంతే. చిన్నప్పుడు మేడ మీద పడుకుని మరిచిపోయి చాపితే మా నాయనమ్మ కాళ్ళ మీద ఒకటి వేసేది. దిక్కులన్నీ లెక్కగట్టిన నాకు ఇది తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"అత్తా, దీనికా?"

అత్త తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

"చెప్పుంటే అప్పుడే తిప్పేవాళ్ళం గదా!"

"ఎట్ల చెప్పేదిమ్మా? వచ్చినోళ్ళందరికీ అంత మురిసిపోయి చూపిస్తా ఉంటివి. నేను తిప్పమంటే వాళ్ళ ముందర నీకు చిన్నతనం గాదా?"

నేను చుట్టాల ముందు గొప్పలు పోతుంటే, నా గొప్ప చెడకూడదని ఈ మనిషి కాలు ముడుచుకుని పడి ఉంది. పైగా మొండిదని నాతో తిట్లు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఏ పాపమూ ఎరగని మా ఆయన మీద అరిచి మంచాన్ని తూర్పు పడమరలుగా తిప్పించాను. ఇప్పుడు వంటింట్లోకి పోవాలంటే అందరం ఒద్దికగా పక్కకు తిరిగి పోవాలి.

అత్తను పడుకోబెట్టి, మోకాలి కింద అరచేయి పెట్టి నొక్కమన్నాను. "గోవిందా" అని కళ్ళు గట్టిగా మూసుకుని కాలు చాపింది. తొడ వణికింది. మోకాలు కొంచెం కొంచెంగా దిగి నా వేళ్ళను పరుపుకు అదిమింది. నొప్పి పుట్టింది.

"చెయ్యి నలగతా ఉండాదేమో, తీసెయ్యమ్మా" అంది అత్త.

"మీరు నొక్కండత్తా" అన్నాను.