రూతక్క సైటును బ్లాగు అనకండి

నిన్న పొద్దున నా ఇంటర్నెట్ సెంటర్ షట్టర్ తీస్తుంటే ఫోన్ మోగింది. రూతక్క చెల్లెలు.

"అన్నా, అక్క పోయింది" అని పెట్టేసింది.

మొన్న ఆదివారమే చర్చి మెట్ల మీద నవ్వుతూ మాట్లాడిన మనిషి. షుగర్ తప్ప ఇంకే రోగమూ లేదనుకున్నాం. సగం లేపిన షట్టర్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మధ్యాహ్నానికి మా చర్చి సెక్రటరీ గారి ఎస్సెమ్మెస్ వచ్చింది. "మన చర్చి బ్లాగు కోసం ఎంతో సేవ చేసిన సిస్టర్ రూత్ ఇక లేరు."

బ్లాగు!

ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. అక్క ఆ బ్లాగులో ఒక్క అక్షరం రాయలేదు. అది వద్దని చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆమె.

తెలియని వాళ్ల కోసం, తెలిసీ మరిచిపోయిన వాళ్ల కోసం రాస్తున్నాను.

రూతక్క దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో క్లర్కు. వాళ్లమ్మను మేడ్చల్‌లో మా చర్చి సమాధుల తోటలో పెట్టారు. రాయి కట్టించే స్థోమత లేదు. మట్టి దిబ్బ, మీద కర్ర సిలువ. నాలుగు వానాకాలాలకు సిలువను చెదలు తినేశాయి, దిబ్బ నేలలో కలిసిపోయింది. అమ్మ ఎక్కడుందో కూతురికే తెలియకుండా పోయింది.

ఇంకెవరికీ ఇట్లా కావొద్దని అక్క అల్వాల్‌లో కంప్యూటర్ కోర్సులో చేరింది. డ్యూటీ అయ్యాక, అలసిపోయి, ఆ వయసులో.

ఆదివారాలు ముసలమ్మలను వెంటబెట్టుకుని తోటంతా తిరిగేది. ఏ దిబ్బ ఎవరిదో అడిగి రాసుకునేది. నా ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చి టైప్ చేసేది. చర్చి సైటులో మనిషికొక పేజీ. పేరు, ఊరు, బతికినప్పుడు చేసిన పని, ఏ గోడ నుంచి ఎన్నో వరుస, దొరికితే ఒక ఫొటో.

నూట నలభై పేజీలు. అన్నీ చేత్తో కట్టినవే.

ఇక నా తప్పు.

అప్పుడు అందరూ బ్లాగులు మొదలుపెడుతున్నారు. కొత్త పేజీ పెట్టినప్పుడల్లా అక్క లిస్టంతా మళ్లీ సరిచేసుకోవడం చూసి నేనే అన్నాను, బ్లాగులోకి మార్చేద్దాం, అంతా దానంతటదే సర్దుకుంటుంది, చూసినవాళ్లు కామెంట్లు కూడా రాయొచ్చు అని.

అక్క నా వైపు తిరిగింది.

"బ్లాగుల కొత్తది మీదికొస్తది గదా తమ్మీ. మరి ముందు పోయినోళ్లు యాడికి పోతరు?"

"కిందికి పోతరక్కా. ఆర్కైవ్స్‌ల ఉంటరు."

"కిందనే ఉన్నరు గదరా వాళ్లు. ఇంకెంత కిందికి తోస్తవ్?"



కానీ సెక్రటరీ గారికి బ్లాగు మాట బాగా నచ్చింది. కమిటీలో తీర్మానం చేయించారు. సైటు చర్చి పేరు మీదే ఉంది, ఆమెను అడిగేదేముంది అన్నారు. అక్క శామీర్‌పేటకు చుట్టాల పెళ్లికి పోయిన రోజు చూసి నాకు ఫోన్ చేశారు.

నేను చేశాను. యాభై పేజీలు ఎక్కించేసరికి విసుగొచ్చింది. మిగతావి తర్వాత చూద్దాంలే అని పాత సైటు తీసేశాను.

ఆ తర్వాత అనేది రానే లేదు.

నెల తిరగకముందే బ్లాగు మొదటి పేజీ నిండా సెక్రటరీ గారే. అతిథికి దండ వేస్తూ, కేకు కోస్తూ, మైకు పట్టుకుని.

ఒక రోజు శామీర్‌పేట నుంచి ఒక అవ్వ రెండు బస్సులు మారి నా సెంటర్‌కు వచ్చింది. చనిపోయిన కొడుకు పేజీ చూపించమంది. ఏటా రూతక్క చూపించేదట.

వెతికాను. లేదు. నేను ఎక్కించని వాటిలో ఉండిపోయింది.

"నా కొడుకును తీసేసినవా బిడ్డా?" అంది.



రూతక్కకు చెప్పక తప్పలేదు. "నన్నొక్క మాట అడగబుద్ధి గాలేదా నీకు?" అంది. అంతే. ఫైళ్లన్నీ ఆమె దగ్గర సీడీలో ఉన్నాయి. వారం తిరిగేసరికి ఇంకో చోట, తన పేరు మీద, పాత పద్ధతిలోనే సైటు మళ్లీ నిలబెట్టింది.

మరుసటి ఏడు పక్క వెంచర్ వాళ్లు తోట ఉత్తరం మూలలో హద్దు రాళ్లు పాతారు. అక్కడ సమాధులే లేవన్నారు. సర్వేయర్ వచ్చి ఆధారం అడిగితే కమిటీ పెద్దలు దర్జాగా బ్లాగు ప్రింట్లు చూపించారు. ఆ మూల పేజీ అందులో ఒక్కటీ లేదు.

రూతక్క ఫ్యాక్టరీలో హాఫ్ డే లీవు పెట్టి తన ప్రింట్లు పట్టుకుని వచ్చింది. ఎండలో సర్వేయర్‌ను వరుస వరుసకూ నడిపించింది.

"ఈడ మరియమ్మ, గక్కడ యేసోబు. వాళ్ల మీదనే నిలవడి వాళ్లు లేరంటే ఎట్ల సారూ?"

సర్వేయర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను చూశాను.

రాళ్లు పీకించారు. గోడ ఆ మూలను కలుపుకునే కట్టారు. ఆ అవ్వ కొడుకుదీ ఆ మూలే, ఇప్పుడు గోడ లోపలే ఉన్నాడు.

గోడ పూర్తయ్యాక సభ పెట్టి శాలువా ఎవరికి కప్పారు? సెక్రటరీ గారికి. అక్క వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆమెకు కోపం రాలేదేమో గానీ నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నిన్న సాయంత్రం మట్టి వేసి వస్తుంటే సెక్రటరీ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"తమ్మీ, రూతక్క ఫొటో జర బ్లాగుల పెట్టు. కమిటీ తరఫున అని రాయి."

"నేను పెట్ట" అన్నాను. అందరి ముందే. "ఆమె వద్దన్న కాడ ఆమెను పెట్ట. అడగకుండ ఒక్కసారి జేసిన, సాలు."

ఆయన ముఖం మాడిపోయింది. మాడనివ్వండి.

పెద్దలారా, పొగడాలంటే పొగడండి. కానీ ఆమె ఏం చేసిందో తెలుసుకుని పొగడండి. మీరు ఆమె మాట కాదని చేసుకున్న దాన్ని ఆమె సేవ అనకండి.

అక్కా, ఆ రోజు నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు తిట్టలేదు. అదే ఇప్పుడు మోయలేకపోతున్నాను.

వెళ్లిరా అక్కా. ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.