ద్వారకానాథ్ గారి కుడిభుజం

కాకినాడ రేవులో తిమింగలం ఎదురైతే గొడుగు విప్పి అదిలించి పంపిన మేనమామ ద్వారకానాథ్ గారికి ఒకరున్నారని ఆయనే చెబుతుంటారు. అలాంటి కథలు చెప్పే మనిషి తాను జారిపడిన సంగతిని ఉన్నదున్నట్టు చెబుతాడా? ఊరవతల కేరమ్ డౌన్స్ గుడిలో ప్రసాదం తింటూ, సూపర్‌మార్కెట్లో కంగారూకి దారి ఇవ్వబోయి పడ్డానన్నారు.

అసలు జరిగింది చిన్నదే. పాల ఫ్రిజ్ దగ్గర నేల తడిగా ఉంది, హెచ్చరిక బోర్డు లేదు. కుడిభుజం మీద పడ్డారు. పరుగెత్తుకొచ్చిన ఉద్యోగిని బిక్కమొహం చూసి, "నో వర్రీస్ అమ్మా, ఐ యామ్ ఫైన్" అని ఆమెనే ఓదార్చి వచ్చారు. డాక్టరు దగ్గరా అదే వరస. ఎలా ఉన్నారని ఎవరడిగినా బాగానే ఉన్నామనడం ఆయన పెరిగిన ఇంటి మర్యాద. లోపల తెగిన కండరానికి ఆ మర్యాద తెలియదు. చెయ్యి రోజురోజుకీ బిగుసుకుపోయింది. చివరికి స్కాన్ తీస్తేగాని సంగతి బయటపడలేదు.

రిటైరయ్యాక తాముండే పాయింట్ కుక్‌లో దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయన కారు నడపడం నేర్పేవారు. పడిన కొన్నాళ్ళకు అదీ మానేశారు. విసుగొచ్చిందన్నారు. భార్య శ్యామసుందరి నమ్మింది.

సూపర్‌మార్కెట్ మీద నష్టపరిహారానికి క్లెయిమ్ వేద్దామని ఇద్దరూ లాయరు ఉదయశ్రీ దగ్గరికి వెళ్ళారు.

"అంకుల్, నేల తడిగా ఉన్నట్టు సీసీటీవీలో క్లియర్‌గా ఉంది. తప్పు వాళ్ళదని చూపించడం సగం పనే. దానివల్ల మీకేం పోయిందో చూపించడం ఇంకో సగం. అక్కడే ప్రాబ్లమ్. మీ ఫ్యామిలీ డాక్టర్ నోట్స్ నిండా 'పేషెంట్ ఫైన్' అనే ఉంది."

"పలకరించిన మనిషితో బాగోలేదని ఎలా అంటామమ్మా?"

"ఆయన పలకరించలేదంకుల్, పరీక్ష చేశాడు! ఇప్పుడు సూపర్‌మార్కెట్ ఇన్సూరెన్స్ వాళ్ళ డాక్టర్ కూడా చూస్తాడు. ఈ కేసులు చాలావరకు కోర్టుదాకా పోవు, కూర్చుని మాట్లాడుకుని సెటిల్ చేసుకుంటారు. కానీ ఆయన మిమ్మల్ని నమ్మకపోతే మాట్లాడ్డానికేం ఉండదు. పెంచకండి, తుంచకండి. కంగారూ సంగతి ఆంటీ చెప్పారు. ప్లీజ్."

"కంగారూ లేకపోతే కథలో ఏముందే?" అన్నారాయన భార్యతో.

"భుజం ఉంది," అంది శ్యామసుందరి.

అవతలి డాక్టరు నవ్వుమొహం మనిషి. ఎలా ఉన్నారని అడగ్గానే ద్వారకానాథ్ గారి నోటిదాకా వచ్చిన 'ఫైన్' అక్కడే ఆగింది. చెయ్యెత్తమంటే ఛాతీ దాకా లేచి నిలిచిపోయింది. దీనివల్ల ఏం చేయలేకపోతున్నారని డాక్టరు అడిగాడు. ఆయన మూల కుర్చీలో ఉన్న భార్యను చూసి, చూపు తిప్పుకుని, ఇంగ్లీషులో మెల్లగా చెప్పారు. నేర్పేవాడు ఎడమ సీట్లో ఉంటాడు, స్టీరింగు అందుకోవాలంటే కుడిచెయ్యే చాచాలి. ఒకరోజు రౌండబౌట్ దగ్గర శిష్యుడు తడబడితే చెయ్యి లేవలేదు. కారు రోడ్డు పక్క గట్టు మీదికెక్కి ఆగింది. ఆరోజే పాఠాలు మానేశారు. ఇంట్లో విసుగొచ్చిందని చెప్పారు.

బయటికి వచ్చాక శ్యామసుందరి అడిగింది. "ఎవరికైనా తగిలిందా?"

"లేదు."

"నాతో ఎందుకనలేదు?"

"భయపడతావని."

"అదే చేత్తో నన్నెక్కించుకుని కేరమ్ డౌన్స్ దాకా తిప్పుతున్నారే! అప్పుడు నేను భయపడక్కర్లేదా? ఇటివ్వండి తాళాలు." ఇంటికి ఆవిడే నడిపింది. దారిలో ఆయన ఒక్క కథా చెప్పలేదు.

ఇరుపక్షాలూ కూర్చున్న రోజు, అవతలి లాయరు పాత 'ఫైన్'లన్నీ ఏకరువు పెట్టాడు. ఉదయశ్రీ వాళ్ళ డాక్టరు రిపోర్టే తీసి చదివింది. గాయం నిజం, ఈ మనిషి తన బాధను తగ్గించి చెప్పే రకం అని ఆయన రాశాడు. నవ్వాపుకోబోయిన శ్యామసుందరికి దగ్గొచ్చింది, మంచినీళ్ళు తాగింది. భోజనాల వేళకు వాళ్ళు పరిహారానికి ఒప్పుకున్నారు, కేసు తేలిపోయింది.

చెయ్యి మళ్ళీ స్టీరింగు దాకా లేస్తుందని మాత్రం ఏ డాక్టరూ రాయలేదు. ఆ వారాంతంలో ఆయన కారు మీది 'డ్రైవింగ్ స్కూల్' బోర్డు ఎడమచేత్తో విప్పారు. స్క్రూలు కిందపడకుండా శ్యామసుందరి దోసిలి పట్టింది.