వరుస తప్పిన జవాబులు

యూనివర్సిటీలో నా ఉద్యోగం ఏమిటని మా అవ్వ అడిగితే, సార్లకు పాఠం చెప్పడం నేర్పుతానన్నాను. “రానోళ్లను ఎట్ల పెట్టుకున్నరే మరి?” అంది. ఇన్నేళ్లయినా ఆమెకు చెప్పదగ్గ జవాబు దొరకలేదు. నేను చేసేదల్లా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినడం, తర్వాత ఆ చెప్పినవాళ్లతో మాట్లాడి ఒక కాగితం రాయడం.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండలో ఒక కాంట్రాక్ట్ లెక్చరర్ పాఠం వినడానికి వెళ్లాను. బాటనీ చెప్పే అమ్మాయి. మరుసటి ఏడు ఆమెను ఉంచాలా తీసేయాలా అన్న ఫైలుకు నా కాగితం జత చేస్తారట. ఆ మాట వినగానే ఒళ్లు మండింది. సాయం చేయడానికి వచ్చినదాన్ని పట్టుకుని నా చేతికి కత్తి ఇచ్చారు!

ఆ రోజు పాఠం ఆస్మాసిస్, అంటే పలచని పొర దాటి నీళ్లు ఉప్పో చక్కెరో ఎక్కువున్న వైపుకు పోవడం. ఆమె గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెబుతోంది. పిల్లలెవరూ నోట్‌బుక్కు తెరవలేదు. అప్పుడర్థమైంది, మొన్న చెప్పిన పాఠమే నా కోసం మళ్లీ చెబుతోందని. ఎవరు ఏ ప్రశ్నకు లేవాలో కూడా ముందే పంచిపెట్టింది. పాపం, భయంలో రెండో ప్రశ్న మరిచిపోయి మూడోది అడిగింది. “కిస్‌మిస్ నీళ్లలో వేస్తే ఏమవుతుంది?” రెండో ప్రశ్న అమ్మాయి తన వంతేనని లేచి, “పలచని పొర మేడం!” అంది. “ఉప్పునీళ్లు పోస్తే మొక్క ఏమవుతుంది?” “ఉబ్బుతుంది మేడం!” అంది ఆ తర్వాతి అమ్మాయి.

నాకు నవ్వు ఆగలేదు. కానీ ఆమె నా వైపు చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే చచ్చింది.

అంతలో నకిరేకల్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె లేచింది. “మేడం, మొన్న చెప్పినప్పుడు గూడ నాకు సమజ్ కాలే. నీళ్లు ఉప్పున్న దిక్కే ఎందుకు పోతయి?”

లెక్చరర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. తర్వాత తెగించినట్టు అడిగింది. “మీ ఇంట్ల మామిడికాయ తొక్కు పెడ్తరా?”

“పెడ్తరు మేడం.”

“ముక్కలకు ఉప్పు కలిపి పెడ్తె తెల్లారెటాల్లకు గిన్నెల నీళ్లెక్కడియి? ఎవలన్న పోసిన్రా?”

“లేదు మేడం, ముక్కలకెల్లే ఊరుతయి!”

“మరి ముక్క ఎందుకు ముడుచుకపాయె?”

ఇక తరగతంతా ఒకటే గోల. ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకున్నారు. నోట్‌బుక్కులు తెరుచుకున్నాయి. నేనొకదాన్ని వెనక కూర్చున్నానన్న సంగతే అందరూ మరిచిపోయారు. హమ్మయ్య అనుకున్నాను.

బెల్లు కొట్టాక ఆమె నా వెనకే వరండాలోకి వచ్చింది. “మేడం, జర చూసి రాయున్రి. గీ నౌకరి పోతె మా ఇల్లు నడ్వది.”

“తొక్కు పాఠం మస్తు చెప్పినవమ్మా. గదే రాస్త.”

“మరి అంతకుముందుది?”

“అంతకుముందు ఏముంది? నేను కూసునేసరికే తొక్కు పాఠం నడుస్తాంది.”

ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నా గుండెల మీది బరువు కూడా అప్పుడే దిగింది. నా సర్వీసు మొత్తంలో రాసిన అబద్ధపు కాగితం అదొక్కటే. ఆమె ఇప్పటికీ అక్కడ పాఠం చెబుతోంది.