రాలిన ఉసిరికాయలు

అమలాపురం మార్కెట్లో ఉసిరికాయల రాశి కనబడితే ఇప్పటికీ నేను పక్క కొట్టుకు వెళ్లిపోతాను. ఆ వగరు వాసనకే నాకు తల వంగిపోతుంది.

నా చిన్నప్పుడు ఒక కార్తీకమాసంలో మా వీధివాళ్లందరం వ్యాను కట్టించుకుని మారేడుమిల్లి అడవికి వెళ్లాం. భోజనాలయ్యాక అమ్మ చెట్ల మధ్యకు నడిచింది. తడి ఆకుల మీద రాలిన ఉసిరికాయలు నాకోసం ఏరి కొంగులో వేసుకుంటోంది.

అమ్మ కొబ్బరితోటల్లో కూలికి వెళ్లేది. అంతకుముందు వేసవిలో పక్క ఊరి తోటలో, రాలిన కాయొకటి బుట్టలో వేసుకుందని ఆసామి ఆమెను నిలబెట్టి దొంగతనమన్నాడు. తోడు వెళ్లిన నేను చూశాను. మా కోనసీమలో ఆసామి లేని చెట్టును నేనెరగను. అడవికీ ఒకాయన ఉంటాడనుకున్నాను.

"అమ్మా, పడేసెయ్యవే. మళ్లీ దొంగతనమంటారు" అని గట్టిగా అరిచాను.

వీధివాళ్లందరూ తల తిప్పి చూశారు.

వ్యాను డ్రైవరు నవ్వాడు. "అడవికి ఆసామెవరుంటారు పాపా? రాలినయ్యే కదండీ, పట్టుకెళ్లండమ్మా."

"వద్దండీ" అంది అమ్మ. కొంగు దులిపేసింది.

తోటలో జరిగింది అప్పటిదాకా మా వీధిలో ఎవరికీ తెలియదు. నేనన్న 'మళ్లీ'తో అందరికీ తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అమ్మ దారి పొడుగునా ఖాళీ చేతులను కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.